ఆరు సీసాల సముద్రంతో మాదాపూర్ దాకా

గురువారం సాయంత్రం నాలుగున్నరకు శ్రావణ్ ఫోను చేశాడు. వాడు నా దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడు కోకాపేటలో మైక్రోస్కోపులు అమ్మే ఒక కంపెనీలో ఇంజనీరుగా ఉన్నాడు. "మేడం, మీరడిగిన నీలి కాంతి యంత్రం శనివారం పొద్దున తొమ్మిదింటి నుంచి పన్నెండున్నర దాకా ఖాళీగా ఉందండి. ఆ సాయంత్రమే దాన్ని బెంగళూరు పంపించేస్తున్నారు. రాగలరా?" అన్నాడు. వస్తానన్నాను. ఎలా వెళ్ళాలో ఫోను పెట్టేశాక ఆలోచించాను. నా పద్ధతి ఎప్పుడూ అంతే.

నేను కాకినాడ వైపు ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. నలభై ఏడేళ్ల వయసులో పీహెచ్‌డీ పూర్తి చేస్తున్నాను. మా తీరంలో మడ అడవుల ఆకులు రాలి, నీళ్లలో నాని, ఆ రసం కాలువల గుండా సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లు పలచటి డికాషన్ రంగులో ఉంటాయి. ఆ సేంద్రియ పదార్థాన్ని సముద్రంలోని బాక్టీరియా తిని పెరుగుతుందా లేదా అన్నదే నా ప్రశ్న. పెరుగుతుందని నాలుగేళ్లుగా వాదిస్తున్నాను. ఆ రసంలోని వగరుకి బాక్టీరియా దాని జోలికే పోదని మా గైడు గారి నమ్మకం. "లెక్క చూపించండి. లేకపోతే నాలుగో అధ్యాయం తీసేసి సమర్పించండి" అన్నారాయన. సమర్పించడానికి పదిహేను రోజులే గడువుంది. లెక్కపెట్టడానికి కావలసిన మైక్రోస్కోపు మా కాలేజీలో లేదు. యూనివర్సిటీలో ఉన్నదాని దీపం మాడిపోయి రెండు నెలలైంది.

ఒక్కటే చిక్కు. నీళ్లు ముంచిన క్షణం నుంచి ఇరవై నాలుగు గంటల పాటు బాక్టీరియా పెరుగుదల చూడాలి. శనివారం పొద్దున యంత్రం ముందుండాలంటే ఆ ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో కూర్చునే వీలు లేదు. కాబట్టి ప్రయోగం నాతో పాటే ప్రయాణం చెయ్యాలి. ఈ ఆలోచన రాగానే నాకు చిన్నపిల్లలా గంతులెయ్యాలనిపించింది. సామాను సర్దుతూ రెండుసార్లు పాట కూడా పాడుకున్నాను.

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి జెట్టీ దగ్గర నీళ్లు ముంచాను. మొత్తం ఆరు సీసాలు. మూడింటిలో ఉట్టి సముద్రపు నీళ్లు, వాటికి తెల్ల మూతలు. మూడింటిలో మడ ఆకుల రసం కలిపిన నీళ్లు, వాటికి ఎర్ర మూతలు. ఒక్కొక్కదాని నుంచి కాసిని నీళ్లు సిరంజితో తీసి, ముందే మందు చుక్కలు వేసి ఉంచిన చిన్న గొట్టాల్లో పోశాను. ఆ మందు పడితే బాక్టీరియా ఎంత ఉన్నది అంతే ఉండిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడు లెక్కపెట్టినా ఫరవాలేదు. సముద్రం ఆ పూట ఇరవై ఎనిమిది డిగ్రీలుంది. డిసెంబరు నెల కదా, హైదరాబాదులో చలి. సీసాలను మాత్రం దారి పొడవునా ఇరవై ఎనిమిది దగ్గరే ఉంచాలి. అందుకని థర్మోకోల్ పెట్టె, లోపల వేడినీళ్ల సంచి, పెట్టె పైకి అంకె కనిపించే థర్మామీటరు పెట్టుకున్నాను. వైరు చివర ఉన్న మొన మాత్రం సీసాల మధ్య ఉంటుంది.

ఏడున్నర ప్రాంతంలో సామర్లకోటలో పొద్దుటి రైలెక్కాను. కుర్చీల బోగీ, ఏసీ. ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్లకు నా సలహా ఏమిటంటే, కిటికీ పక్క సీటు తీసుకోకండి. చల్లగాలి సరిగ్గా అక్కడే పడుతుంది. నేను నా శాలువా తీసి పెట్టెకి కప్పి, వణుకుతూ ఉప్మా తిన్నాను. పక్క సీటులో కొడుకు దగ్గరికి పుప్పాలగూడ వెళ్తున్న ఒక రిటైరైన ఉద్యోగి కూర్చున్నారు. చాలాసేపు ఆ పెట్టె వంక చూసి, ఏలూరు దాటాక ఆగలేకపోయారు.

"రొయ్యలాండి?" అన్నారు.

"నీళ్లండి."

"హైదరాబాదుకి నీళ్లు పట్టుకెళ్తున్నారా?"

"ఉప్పు నీళ్లండి."

ఆయన కాసేపు ఆలోచించారు. "మావాడుండే అపార్టుమెంటులో ఎండాకాలం వస్తే ట్యాంకర్లేనండి. అవీ కాస్త ఉప్పగానే ఉంటాయి" అన్నారు. ఆయన సానుభూతికి నవ్వాపుకోలేకపోయాను.

పదకొండింటికి, ఖమ్మం దాటాక, ఆరు గంటల నమూనా తీశాను. ముందు సీటు బల్ల దించి, దాని మీద గొట్టాలు వరసగా నిలబెట్టాను. రైలు ఊగుతుంటే సిరంజిలో గీత దగ్గర నీటిమట్టం ఆపడం నా పాతికేళ్ల ఉద్యోగంలో ఎదురైన అతి కష్టమైన పరీక్ష. ఆ పెద్దాయన గొట్టాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, పని అయ్యేదాకా ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. ఏం చేస్తున్నానో చెప్పాను. "అయితే ఇవన్నీ ప్రాణాలతో ఉన్నాయన్నమాట" అని కాళ్లు కాస్త వెనక్కి లాక్కున్నారు.

రెండుంపావుకు సికింద్రాబాదులో దిగి, ప్యాంట్రీ అబ్బాయి నింపి ఇచ్చిన వేడినీళ్ల సంచీతో మెట్రో స్టేషనుకి నడిచాను. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా తిన్నగా హైటెక్ సిటీ వైపు వెళ్ళిపోవచ్చు. సామాను తనిఖీ యంత్రం దగ్గర గార్డు నా పెట్టెను ఆపాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, మీసాలు ఒత్తుగా ఉన్నాయి.

"ఏంది మేడం గిది? వైర్లు గిట్ల కనబడుతున్నయ్."

"థర్మామీటరు బాబూ."

"సీసలల్ల ఏమున్నది?"

"సముద్రం నీళ్లు."

అతని ముఖంలో అనుమానం పోయి ఇంకేదో వచ్చింది. "మాది నారాయణపేట దిక్కు మేడం. ఇప్పటిదాంక సముద్రం జూడలే. జర మూత తియ్యిండ్రి" అన్నాడు. సీసాలు కడుక్కోవడానికి సముద్రపు నీళ్లే నింపి తెచ్చిన ఏడో డబ్బా మూత తీసి చూపించాను. వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు. "నిజంగనే ఉప్పున్నదే" అని వెనక్కి తిరిగి తన తోటి ఆమెకు చెప్పాడు. నా వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కోకుండా తొంగిచూశారు. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను గానీ, నా సముద్రాన్ని ఇంత ఇష్టంగా చూసినవాళ్లను అక్కడే చూశాను.

మెట్రోలో నలభై నిమిషాలు నిలబడే వెళ్ళాను. అమీర్‌పేట దగ్గర కిక్కిరిసిపోయింది. పెట్టెను కడుపుకి ఆనించి పట్టుకుంటే ఒకమ్మాయి లేచి సీటివ్వబోయింది. జూబ్లీ హిల్స్ బండలు దాటాక అద్దాల మేడలు మొదలయ్యాయి. దుర్గం చెరువు స్టేషనులో దిగి, మాదాపూర్‌లో ముందే ఫోను చేసి మాట్లాడుకున్న లేడీస్ హాస్టలుకి ఆటోలో చేరేసరికి నాలుగుంపావు. ఈ వీధుల్లో ఒక్క రాత్రికి కూడా మంచం ఇచ్చే హాస్టళ్లు చాలా ఉన్నాయి. ఆధార్ కార్డు నకలు దగ్గర ఉంచుకుంటే చాలు. నాది ముగ్గురుండే గది. ఒక మంచం ఖాళీ, ఇంకోదాని మీద సౌమ్య అనే భీమవరం అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. "ఎంత పని ఉన్నా చెప్పండి మేడం, సాయం చేస్తాను" అంది. నాకు వెంటనే నచ్చింది.

అయిదింటికి పన్నెండు గంటల నమూనా తీశాను. పెట్టెలో వేడినీళ్ల సంచి మార్చి, అంకె ఇరవై ఎనిమిది చూపిస్తుంటే తృప్తిగా మంచం కిందికి తోశాను. మూత మీద పెద్ద అక్షరాలతో "శాంపిళ్లు, జాగ్రత్త" అని కాగితం అంటించాను. ఆరింటికి ఊరు చూడ్డానికి బయలుదేరాను.

దుర్గం చెరువు మీద తీగల వంతెన దీపాలు రంగులు మారుతున్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను గట్టుకి దిగగలిగినంత దిగి నీళ్ల వాసన చూశాను. వృత్తి అలవాటు. ఆ వాసనలో ఎంత తిండి, ఎంత బాక్టీరియా ఉందో ఊహించుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. తర్వాత ఒక బండి దగ్గర నెయ్యి కారం దోసె తిన్నాను. ఆఫీసుల నుంచి వదిలిన జనం రోడ్డంతా నిండిపోయారు. ఇంతమంది మధ్య నేనొక్కదాన్నే సముద్రాన్ని వెంటబెట్టుకుని వచ్చానని గర్వంగా అనిపించింది. ఆ గర్వం సరిగ్గా ఎనిమిదింటి దాకా నిలిచింది.

గదిలోకి వచ్చి వంగి చూస్తే మంచం కింద పెట్టె ఉంది. మూత తీశాను. లోపల వేడినీళ్ల సంచి తప్ప ఏమీ లేదు.

"భయపడకండి మేడం, మీ శాంపిళ్లు సేఫ్‌గా ఉన్నాయండి. ఆరు నలభైకే కిందికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాను" అంది సౌమ్య.

ఆ పిల్ల ఉద్యోగం ఏమిటో అప్పుడు తెలిసింది. ఊళ్లకు లారీల్లో వెళ్ళే మందుల పెట్టెల మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేరు వాళ్లది. పెట్టెలో ఉష్ణోగ్రత ఎనిమిది డిగ్రీలు దాటితే తెర మీద ఎర్రగా వెలుగుతుంది, వెంటనే డ్రైవరుకు ఫోను చేసి ఐసు పెట్టించాలి. మూడేళ్లుగా రోజూ అదే పని. అలాంటి మనిషికి మంచం కింద "శాంపిళ్లు, జాగ్రత్త" అన్న పెట్టె మీద ఇరవై ఎనిమిది కనిపించింది. ఇంకేముంది, థర్మామీటరుతో సహా ఎత్తుకుపోయింది.

నాకు కోపం వస్తే మాట రాదు, పని వస్తుంది. మెట్లు దిగి వంటగదికి పరిగెత్తి ఫ్రిజ్ తలుపు తీశాను. ఆరు సీసాలూ పెరుగు గిన్నెల మధ్య చక్కగా వరసగా నిలబెట్టి ఉన్నాయి. థర్మామీటరు తొమ్మిది చూపిస్తోంది. టైము ఎనిమిది గంటల పది నిమిషాలు. భుజాన ఉన్న సంచిలోంచి సిరంజి, గొట్టాలు తీసి అక్కడే వంటగది బల్ల మీద ఇంకో నమూనా తీశాను. ఎందుకు తీశానో ఆ క్షణంలో అడిగితే చెప్పలేను. తర్వాత అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. నాలుగేళ్ల పని నీళ్లపాలైందని ఏడుపొచ్చింది. గుమ్మంలో నిలబడి సౌమ్య నాకంటే ముందే ఏడవడం మొదలుపెట్టింది.

హాస్టల్లో వంట చేసే యాదమ్మ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. నల్గొండ వైపు మనిషి, యాభై ఏళ్లు దాటి ఉంటాయి.

"ఏంది మేడం, గంత పరేషాన్ అయితున్నరు? సీసలల్ల ఏమున్నది?"

"కంటికి కనబడని పురుగులమ్మా. వెచ్చగా ఉంటే పెరుగుతాయి."

"మా ఇడ్లీ పిండిల ఉంటయే, గసొంటియా?"

"అలాంటివే. సముద్రంలోవి."

"అయితే సచ్చిపోలే మేడం, సలికి ముడుసుకున్నయి. ఫికర్ జెయ్యకుండ్రి" అంటూ కొంగు నడుముకి దోపుకుంది. "గీ సలికి పిండి పులుస్తలేదని నేను రోజు బాయిలర్ రూంల పెడ్త. ఇటియ్యిండ్రి."

స్నానాలకు నీళ్లు కాగే ఆ చిన్న గదిలో, గోనెసంచి చుట్టిన పిండి గంగాళం పక్కనే నా ఆరు సీసాలకూ చోటు చేసింది. వెలుతురు తగలకుండా తన పాత చీర కప్పింది. గంట తర్వాత వెళ్ళి చూస్తే థర్మామీటరు ఇరవై ఎనిమిదిన్నర దగ్గర నిలబడింది. నా పెట్టె కంటే అదే నయం.

శనివారం అయిదింటికి యాదమ్మే తలుపు కొట్టి లేపింది. చివరి నమూనా తీశాను. గంగాళంలో పిండి అంచుదాకా పొంగి ఉంది, అది చూసి ఆమె ముఖం వెలిగింది. నా సీసాలు మాత్రం ముందురోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. బాక్టీరియాతో వచ్చిన చిక్కే అది, కంటికి ఏమీ చెప్పదు. వేడివేడి ఇడ్లీ నాలుగు తిని ఎనిమిదింటికి క్యాబెక్కాను. సౌమ్య పెట్టెను కారు దాకా మోసింది గానీ నా కళ్లలోకి చూడలేదు.

శనివారం కాబట్టి రోడ్లు ఖాళీ. కోకాపేట చేరడానికి ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. మామూలు రోజుల్లో అయితే గంట పైన వేసుకోండి. అక్కడి మేడలు చూడాలంటే కారు అద్దంలోంచి కుదరదు, దిగి మెడ వెనక్కి వాల్చాలి. గేటు దగ్గర ఫొటో తీసి, ఛాతీకి కాగితం అంటించి, మూడు చోట్ల సంతకం చేయించుకుని పైకి పంపారు. పదకొండో అంతస్తులో శ్రావణ్ నల్లటి వడపోత కాగితాలు, రంగు, గ్లౌజులు సర్దిపెట్టి ఎదురుచూస్తున్నాడు. "కాలేజీలో మీరు మాకు సర్దిపెట్టినట్టే పెట్టానండి" అన్నాడు.

రంగు కలిపిన నీటిని ఆ కాగితం మీద వడగట్టి, నీలి కాంతి కింద పెడితే బాక్టీరియా ఆకుపచ్చ చుక్కలుగా మెరుస్తుంది. అన్నీ చూసే సమయం లేదు కాబట్టి ఒక తెల్ల మూత, ఒక ఎర్ర మూత కలిపి ఒక జత సీసాల గొట్టాలు వరసగా, మిగతా జతల్లో మొదటిదీ చివరిదీ చూద్దామనుకున్నాం. మొదటి స్లైడు చూడగానే ఒళ్లు పులకరించింది. జెట్టీ దగ్గర నేను ముంచిన చీకటి నీళ్లలో ఇంత వెలుగుందా అనిపించింది. కంటి కటకంలో కనిపించే గళ్లలో ఒక్కో గడికి ముప్ఫై దాకా ఉన్నాయి. రైలులో తీసిన గొట్టం చూశాను. తెల్ల మూతలో ముప్ఫై, ఎర్ర మూతలో ముప్ఫై. సాయంత్రం అయిదింటిదీ అంతే. ఆకు రసం ఉన్నా లేకపోయినా ఒక్కటే లెక్క.

గైడు గారి మాటే నిజమైంది. పదిన్నరకి నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసినవి చూస్తే రెండూ ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఇక మిగిలింది తెల్లవారి తీసినవి. తెల్ల మూతలో ముప్ఫై నాలుగు. ఎర్ర మూత స్లైడు పెట్టి కన్ను ఆనించాను. లెక్కపెట్టడం మొదలుపెట్టి యాభై దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నూట పది. పక్క గడిలో నూట నాలుగు. మిగతా రెండు జతలూ అదే పాట పాడాయి. నేను శ్రావణ్ భుజం పట్టుకుని ఊపేశాను, పాపం వాడి చేతిలో కాఫీ ఉంది.

అట్ట నోటుపుస్తకంలో అంకెలు ఎక్కిస్తుంటే "గమనికలు" అన్న వరస దగ్గర కలం ఆగింది. ఫ్రిజ్ సంగతి పొద్దునే నా నోట విన్న శ్రావణ్ అది చూశాడు. "అక్కడ ఖాళీగా వదిలేయండి మేడం. ఆ ఎనిమిదింటి గొట్టాలు కూడా మామూలుగా తీసినవే అనుకుంటారు. ఎవరడుగుతారండి?" అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఫ్రిజ్ మాట రాస్తే, ఈ పెరుగుదల ఆకు రసం వల్లనా, చలి నుంచి తేరుకోవడం వల్లనా అని అడుగుతారు. రాయకపోతే అధ్యాయం నాది. అయిదు నిమిషాలు కిటికీలోంచి రింగు రోడ్డు చూశాను. ప్రాక్టికల్ పరీక్షల్లో అంకెలు దిద్దిన పిల్లలకు నేను సున్నాలు వేసిన రోజులున్నాయి. కలం తీసి, "శుక్రవారం సా. 6.40 నుంచి 8.10 వరకు పొరపాటున ఫ్రిజ్‌లో" అని రాశాను.

పన్నెండున్నరకు యంత్రం వదిలి రాయదుర్గం మెట్రో ఎక్కి, మూడింటి రైలు అందుకున్నాను. ఈసారి పెట్టె ఖాళీ, శాలువా నా భుజాల మీదే ఉంది. వరంగల్ దాటాక గైడు గారికి ఫోను చేసి, ఫ్రిజ్‌తో సహా అన్నీ చెప్పాను.

"ఆరు సీసాలూ ఒకేసారి పెట్టారా?"

"ఒకేసారి సార్."

"చలి రెండింటికీ సమానమే అన్నమాట. అయినా ఎర్ర మూతల్లోనే పెరిగింది." "ఆ గంటన్నరలో ఉష్ణోగ్రత ఎలా పడిందో రాసుకున్నారా? ఎంత చలి, ఎంతసేపు అన్నది అంకెల్లో లేకపోతే నేను సంతకం పెట్టలేనమ్మా. తీసేయండి."

రాసుకోలేదు. నేనప్పుడు వంతెన దీపాలు చూస్తూ దోసె తింటున్నాను. సరేనని ఫోను పెట్టేశాను. బయట పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఈ రెండు రోజుల్లో నేను హైదరాబాదులో చూసిందేమిటంటే ఒక వంతెన, ఒక బాయిలర్ గది, పదకొండో అంతస్తు. అయినా ఇంత సంతోషంగా ఏ ఊళ్లోనూ తిరగలేదు. అక్కడ ప్రతివాళ్లూ నా నీళ్లను తమకు తెలిసిన పద్ధతిలో కాపాడాలని చూశారు. అధ్యాయం పోయినా ఆ మాట సౌమ్యకు చెప్పాలనిపించి ఫోను చేశాను.

"నీ మీద కోపం లేదమ్మా. చలి ఎలా పడిందో అంకెలు లేవని మా సారు ఒప్పుకోలేదు, అంతే" అన్నాను.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "అంకెలా మేడం? నేను రాశానండి. సరుకు చల్లట్లో పెట్టాక పది నిమిషాలకోసారి డిగ్రీలు చూడటం మా రూలు. మీరు తిడతారని చూపించలేదు."

నిమిషంలో ఫోనుకి ఫొటో వచ్చింది. చిన్న కాగితం మీద పొందికైన అక్షరాలతో టైము, డిగ్రీలు పది వరసలు. ఆరు నలభైకి ఇరవై ఎనిమిది, ఆరు యాభైకి ఇరవై రెండు, అలా దిగుతూ ఎనిమిది పదికి తొమ్మిది. చివర తన సంతకం. దాన్ని అలాగే గైడు గారికి పంపించాను.

ఖమ్మం వచ్చేలోగా జవాబు వచ్చింది. "నాలుగో అధ్యాయం ఉంచండి."